కణం నడకను అదుపు చేసే చిన్న మార్పులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గాయం మానేటప్పుడు చుట్టూ ఉన్న చర్మకణాలు అంచుల నుంచి పాకుతూ వచ్చి ఖాళీని పూడుస్తాయని గత నెల ఈ శీర్షికలో రాశాను. అప్పటి నుంచి కణాల కదలిక మీద ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తిరిగి తిరిగి ఒకే విషయానికి చేరుతున్నాయి. కణంలో అప్పటికే ఉన్న ప్రొటీన్లకు చిన్న రసాయన సమూహాలను తగిలించి, అవసరం తీరగానే తొలగించి, కణం తన నడకను ఎలా అదుపు చేసుకుంటుందన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: కణానికి కాళ్లు లేవు, కండరాలు లేవు. అయినా తెల్ల రక్తకణం సూక్ష్మక్రిమిని వెంటాడి పట్టుకుంటుందని చదివాను. అన్నిటినీ నడిపేవి జన్యువులే అయినప్పుడు, ప్రతి మలుపు దగ్గరా ఒక జన్యువు పనిచేసి కొత్త ప్రొటీన్ తయారు కావాలి కదా? దానికి అంత సమయం ఎక్కడిది?
— ఇంటర్ బైపీసీ విద్యార్థిని, తెనాలి

సమాధానం: సమయం లేదన్న మీ అనుమానం సరైనదే. 1950లలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ సూక్ష్మదర్శినితో తీసిన ఒక చిన్న చిత్రం నేటికీ వైద్య విద్యార్థులకు చూపిస్తున్నారు. అందులో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం, ఎర్ర రక్తకణాల మధ్య ఖాళీలు వెతుక్కుంటూ స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా వెంట పడుతుంది. బ్యాక్టీరియా పక్కకు జరిగితే తానూ పక్కకు తిరుగుతుంది, చివరికి దాన్ని మింగేస్తుంది. చిత్రాన్ని వేగం పెంచి చూపుతారు గాని, అసలు వేగమూ తక్కువేమీ కాదు. న్యూట్రోఫిల్ నిమిషానికి సుమారు 10 మైక్రోమీటర్లు, అంటే దాదాపు తన శరీరమంత దూరం పాకగలదు. ఒక జన్యువు చదవబడి, దాని నకలు కేంద్రకం దాటి వచ్చి, ప్రొటీన్‌గా తయారవడానికి ఎన్నో నిమిషాలు పడుతుంది. ఆ లోపల బ్యాక్టీరియా ఎక్కడికో పోతుంది.

జన్యువులు అప్పటికప్పుడు అవసరం లేవని చెప్పడానికి ఇంకా సూటి సాక్ష్యం ఉంది. చేప పొలుసుల మీద ఉండే కెరటోసైట్లనే చర్మకణాలు చాలా చురుకుగా పాకుతాయి. వాటి నుంచి విడిపోయిన, కేంద్రకం లేని ముక్కలు కూడా ముందు వెనుకలు మరచిపోకుండా ఒకే దిశలో పాకుతూ పోతాయని 1984లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. కేంద్రకమే లేదంటే అక్కడ జన్యువులు లేనట్టే. కాబట్టి నడకకు కావలసిన సరంజామా అంతా కణద్రవంలో ముందే సిద్ధంగా ఉంటుంది. జన్యువుల పాత్ర ఆ సరంజామాను ముందుగా సమకూర్చిపెట్టడం వరకే.

ఆ సరంజామాలో ముఖ్యమైనది యాక్టిన్. దాని అణువులు ఒకదాని వెనుక ఒకటి చేరి పోగులుగా పెరుగుతూ కణం ముందరి పొరను ముందుకు నెడతాయి. అలా ముందుకు చాచిన భాగం ఇంటెగ్రిన్లనే ప్రొటీన్ల సాయంతో నేలను పట్టుకుంటుంది. వెనుక భాగంలో మయోసిన్ యాక్టిన్ పోగులను లాగి బిగిస్తుంది, పాత పట్టు వదులుతుంది, వెనుక భాగం ముందుకు జరుగుతుంది. ఈ నాలుగు పనులూ ఎక్కడ, ఎప్పుడు జరగాలో తేల్చేవి ప్రొటీన్ల మీద ఏర్పడే మార్పులు. వాటిలో అందరికీ తెలిసినది ఫాస్ఫారిలేషన్, అంటే సెరిన్, థ్రియోనిన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద ఒక ఫాస్ఫేట్ సమూహం చేరడం. అణువుల బరువును కొలిచే డాల్టన్లలో చెబితే, యాక్టిన్ అణువు బరువు 42,000 డాల్టన్లయితే ఫాస్ఫేట్ చేరిక వల్ల పెరిగే బరువు 80 డాల్టన్లే. అయినా దానికి ఉన్న రుణావేశం ప్రొటీన్ ఆకారాన్ని, అది ఎవరితో అతుక్కుంటుందన్న విషయాన్ని క్షణాల్లో మార్చేస్తుంది. ఫాస్ఫేట్‌ను చేర్చే ఎంజైములు కైనేజులు, తీసేసేవి ఫాస్ఫటేజులు. మానవ జన్యుసంపుటిలో 518 ప్రొటీన్ కైనేజులు ఉన్నాయని 2002లో ఒక జాబితా వేశారు. ఒక్క పనికి ఇన్ని ఎంజైములను పోషిస్తోందంటే శరీరం ఈ పద్ధతి మీద ఎంతగా ఆధారపడిందో ఊహించవచ్చు. ఈ చేర్చడం, తీయడం అనే వ్యవస్థను 1950లలో కండరంలోని గ్లైకోజెన్ ఎంజైము మీద పనిచేస్తూ గుర్తించిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి దక్కింది.

కైనేజులకు ఆ ఫాస్ఫేట్ వచ్చేది, కణానికి శక్తిని అందించే ఏటీపీ అనే అణువు నుంచి. కండరాల్లో ఏటీపీ ఉనికిని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. అంతకు ముందే 1925లో ఫిస్కే, సుబ్బారావులు రూపొందించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతిని ఎన్నో తరాల విద్యార్థులు ప్రయోగశాలల్లో వాడారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఏటీపీ దగ్గర కనిపించకపోవడం నాకెప్పుడూ వెలితిగానే తోస్తుంది.

బ్యాక్టీరియా జాడ న్యూట్రోఫిల్‌కు తెలియడంలోనూ ఒక మార్పు ఉంది. బ్యాక్టీరియా తన ప్రొటీన్లను ఫార్మైల్ సమూహం తగిలించిన మిథియోనిన్‌తో మొదలుపెడుతుంది. మన కణద్రవంలో తయారయ్యే ప్రొటీన్లకు సాధారణంగా ఆ సమూహం ఉండదు. ఆ తేడానే న్యూట్రోఫిల్ గ్రాహకాలు పసిగడతాయి.

ప్రశ్న: ఫాస్ఫేట్ చేరితే ప్రొటీన్ ‘ఆన్’ అవుతుందని, తీసేస్తే ‘ఆఫ్’ అవుతుందని మా గైడులో ఒక్క వాక్యంలో ఇచ్చారు. కణం కదలికకు కూడా ఇదే వర్తిస్తుందా?
— బీఎస్సీ బయోటెక్నాలజీ విద్యార్థి, వరంగల్

సమాధానం: పరీక్షలో ఆ వాక్యానికి మార్కులు పడతాయి కాని, కణం కదలికను అర్థం చేసుకోవడానికి అది అడ్డు వస్తుంది. కోఫిలిన్ అనే చిన్న ప్రొటీన్‌ను చూడండి. అది పాతబడిన యాక్టిన్ పోగులను తెంచుతుంది. దాని మూడో అమైనో ఆమ్లమైన సెరిన్ మీద లిమ్ కైనేజ్ ఒక ఫాస్ఫేట్ చేర్చగానే కోఫిలిన్ యాక్టిన్‌ను పట్టుకోలేకపోతుంది, అంటే ఇక్కడ ఫాస్ఫేట్ చేరడం వల్లనే పని ఆగిపోతోంది. స్లింగ్‌షాట్ అనే ఫాస్ఫటేజ్ దాన్ని తీసేస్తే కోఫిలిన్ మళ్లీ పనిలోకి దిగుతుంది. మయోసిన్ విషయంలో వరస తిరగబడుతుంది. దాని తేలిక గొలుసులోని 19వ స్థానపు సెరిన్ మీద ఫాస్ఫేట్ చేరితేనే అది యాక్టిన్‌ను గట్టిగా లాగుతుంది.

ఇక్కడితో ఆగితే గైడు వాక్యాన్ని తిరగేసి రాసుకుంటే సరిపోతుంది. అసలు విషయం అంతకన్నా లోతుగా ఉంది. కోఫిలిన్ అంతటా చురుకుగా ఉంటే పోగులు నిలవవు, అంతటా నిద్రపోతే పాత పోగుల్లోని యాక్టిన్ విడుదల కాక కొత్త పోగులకు ముడిసరుకు చాలదు. రెండు సందర్భాల్లోనూ కణం చతికిలబడుతుంది. 2004లో ఒక పరిశోధక బృందం రసాయన ముసుగు తొడిగి నిద్రపుచ్చిన కోఫిలిన్‌ను కణంలోకి ఎక్కించి, కాంతిపుంజంతో ఒక్కచోట మాత్రమే ఆ ముసుగు తొలగించింది. కాంతి పడిన చోటే కణం పొర ముందుకు పొడుచుకు వచ్చింది, కణం ఆ దిశగా తిరిగింది. పోగులను తెంచే ప్రొటీన్ పోగులు పెరిగేందుకు కారణమైంది. తెగిన ప్రతి చోటా కొత్తగా పెరగగల ఒక కొస ఏర్పడటమే దీనికి వివరణ. కణంలో మొత్తం మీద కోఫిలిన్ ఎంత చురుకుగా ఉందన్నది లెక్కలోకి రాదు. ఏ మూలన చురుకుగా ఉంది, ఎంతసేపు ఉంది అన్నవే కణం దిక్కును నిర్ణయిస్తాయి.

పట్టు విషయంలోనూ ఇంతే. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు నడుముకు మోకు, కాళ్లకు బందం వేసుకుని, ఒకదాని పట్టు మీద ఆనుకుంటూ రెండోదాన్ని సడలించి పైకి జరుపుతాడు. రెండూ ఒకేసారి బిగిసిపోతే చెట్టు మధ్యలోనే ఉండిపోవలసిందే. కణం నేలను పట్టుకునే చోట ఫోకల్ అడ్హెషన్ కైనేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది తన 397వ స్థానంలోని టైరోసిన్ మీద తానే ఫాస్ఫేట్ చేర్చుకుంటుంది, ఆ గుర్తును చూసి సార్క్ అనే మరో కైనేజ్ వచ్చి అక్కడ కూర్చుంటుంది, ఇద్దరూ కలిసి చుట్టుపక్కల ప్రొటీన్ల మీద మరిన్ని ఫాస్ఫేట్లు వేస్తాయి. ఈ ఎంజైము లేకపోతే కణాలు నేల మీద నిలవలేక ఊడిపోతాయని చాలామంది అనుకున్నారు. 1995లో ఆ జన్యువును తొలగించిన ఎలుక పిండాల కణాలను పరిశీలిస్తే అవి నేలను మరిన్ని చోట్ల పట్టుకుని ఉన్నాయి, కాని నడక మందగించింది. పట్టు సడలించడానికీ ఆ ఫాస్ఫేట్లే కావాలన్నమాట.

సార్క్‌ను గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. దాని తోక చివరి టైరోసిన్ మీద ఫాస్ఫేట్ ఉన్నంతసేపు ఆ ఎంజైము తనలో తాను ముడుచుకుని ఊరుకుంటుంది. మధ్యలోని మరో టైరోసిన్ మీద ఫాస్ఫేట్ చేరితే పూర్తిగా విప్పుకుని పనిచేస్తుంది. ఒకే ప్రొటీన్, ఒకే రకం సమూహం, రెండు చోట్ల రెండు వ్యతిరేక ఫలితాలు. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ కోళ్లలో కణితులు పుట్టించే వైరస్‌ను వర్ణించాడు. ఆ వైరస్ మోసుకొచ్చే సార్క్‌కు తోకలోని ఆ టైరోసిన్ లేదు కాబట్టి దాన్ని ముడిచే మార్గం లేదు. అసలు టైరోసిన్ మీద ఫాస్ఫేట్ చేరుతుందన్న సంగతే 1979 దాకా తెలియదు. ఫాస్ఫేట్ చేరిన అమైనో ఆమ్లాలను ద్రావణం సాయంతో మచ్చలుగా విడదీసే ప్రయోగంలో, అమెరికాలోని సాల్క్ సంస్థకు చెందిన టోనీ హంటర్ కొత్త ద్రావణం కలుపుకోకుండా పాతదే వాడటం వల్ల దాని ఆమ్లత కొద్దిగా పెరిగింది. అంతవరకు థ్రియోనిన్ మచ్చతో కలిసిపోతూ వచ్చిన టైరోసిన్ మచ్చ ఆ రోజు విడిగా కనిపించింది.

ప్రశ్న: ఫాస్ఫేట్ తప్ప ఈ పనికి వేరే మార్పులు ఉపయోగపడవా?
— జువాలజీ అధ్యాపకుడు, కర్నూలు

సమాధానం: చాలానే ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా పొందికగా తోచేది యుబిక్విటిన్ కథ. అది 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్. అది గొలుసుగా తగిలిన ప్రొటీన్‌ను సాధారణంగా కణం ముక్కలు చేస్తుంది. కణంలో రో అనే ప్రొటీన్ ప్రధానంగా బిగింపును ప్రేరేపిస్తుంది, రాక్ అనేది ముందరి పొర చాచడాన్ని ప్రేరేపిస్తుంది. వీటి పాత్రలను 1990ల తొలినాళ్లలో లండన్‌లో ఆలన్ హాల్, ఆయన సహచరులు వేరుచేసి చూపారు. కణం ముందు భాగంలో బిగింపు మితిమీరితే చాచిన పొర వెనక్కి ముడుచుకుపోతుంది కాబట్టి, స్మర్ఫ్1 అనే ఎంజైము ముందు అంచుకు చేరి అక్కడి రో కు మాత్రమే యుబిక్విటిన్ తగిలించి నాశనం చేయిస్తుందని 2003లో తేలింది. వెనుక ఉన్న రో జోలికి పోదు. ఒకే కణం రెండు కొసల్లో ఒకే ప్రొటీన్‌కు రెండు గతులు పట్టడం ఇందులోని విశేషం.

రో, రాక్ వంటి వాటికి తోకన కొవ్వు స్వభావం గల 20 కార్బన్ల గొలుసు అతికి ఉంటుంది. అది లేకపోతే అవి కణపు పొరను అంటుకుని పనిచేయలేవు. కణం చట్రంలో భాగమైన సన్నని గొట్టాల్లాంటి సూక్ష్మనాళికల మీద ఎసిటైల్ అనే చిన్న సమూహం చేరుతుంది. దాన్ని తొలగించే హెచ్‌డీఏసీ6 ఎంజైము ఎక్కువైతే కణాల కదలిక పెరుగుతుందని 2002లో గమనించారు. చివరగా, యాక్టిన్ మొదటి కొసకు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని కణం అదనంగా అతికిస్తుంది. ఆ పని చేసే ఎంజైము లేని ఎలుక కణాల్లో ముందరి పొర సరిగా విచ్చుకోలేదని 2006లో తెలిసింది.

ప్రశ్న: నేను పిల్లల వార్డులో పనిచేసే నర్సును. రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉన్నా, పదేపదే ఇన్ఫెక్షన్లు వచ్చి పుండు దగ్గర చీము మాత్రం పట్టని పిల్లలు అరుదుగా ఉంటారని మా డాక్టరు గారు చెప్పారు. ఇది కూడా మీరు రాస్తున్న కోవలోదేనా?
— ఖమ్మం

సమాధానం: ఒక రకం అచ్చంగా ఈ కోవలోదే. చీము అంటే ఎక్కువ భాగం పుండు దగ్గరకు వచ్చి చచ్చిన న్యూట్రోఫిల్‌లే. అవి రక్తనాళంలోనే ఉండిపోతే రక్తపరీక్షలో సంఖ్య ఎక్కువగా కనిపిస్తుంది, పుండు దగ్గర చీము కనిపించదు. రక్తప్రవాహంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ నాళం గోడను పట్టుకోవడానికి ముందు ఆ గోడ మీద దొర్లుతూ వేగం తగ్గించుకుంటుంది. గోడ మీది సెలెక్టిన్లనే ప్రొటీన్లు, న్యూట్రోఫిల్ ప్రొటీన్ల మీద అతికించిన ఒక చక్కెర అమరికను తాత్కాలికంగా పట్టుకోవడం వల్ల ఆ దొర్లడం సాధ్యమవుతుంది. ఆ అమరికలో ఫ్యూకోజ్ అనే చక్కెర తప్పనిసరి. అదే ప్రొటీన్ మీద కొన్ని టైరోసిన్లకు సల్ఫేట్ కూడా చేరితేనే ఒక రకం సెలెక్టిన్‌తో పట్టు బాగా కుదురుతుంది.

1992లో ఇజ్రాయెల్ వైద్యులు ఇద్దరు పిల్లలలో వర్ణించిన రెండో రకం ల్యూకోసైట్ అడ్హెషన్ లోపంలో (తెల్లకణాలు నాళం గోడను పట్టుకోలేని జబ్బులో), ఫ్యూకోజ్‌ను ప్రొటీన్ల మీద అతికించే చోటికి చేరవేసే వాహక ప్రొటీన్ పనిచేయదని తరువాత తేలింది. అందువల్ల న్యూట్రోఫిల్‌లు దొర్లలేవు, బయటకు రాలేవు. ఎదుగుదల కూడా మందగిస్తుంది. కొందరు పిల్లలకు ఫ్యూకోజ్‌ను నోటి ద్వారా ఇస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయి, అందరిలో ఫలితం ఒకేలా లేదు. మీరు వార్డులో ఎక్కువగా వినే అవకాశం ఉన్నది మొదటి రకం. అందులో లోపం చక్కెరలో ఉండదు, ఇంటెగ్రిన్ ప్రొటీన్‌లోనే ఉంటుంది. పుట్టిన బిడ్డకు బొడ్డుతాడు వారాల తరబడి ఊడకపోవడం దాని తొలి సూచనల్లో ఒకటి.

రెండో రకం పిల్లల రక్తం బాంబే గ్రూపు అనే అరుదైన రక్తవర్గంగా తేలుతుంది. 1952లో ముంబైలో డాక్టర్ భెండే, ఆయన సహచరులు మొదట నివేదించిన ఆ గ్రూపులో ఎర్రకణాల మీద హెచ్ యాంటిజెన్ అనే గుర్తు ఉండదు. దాని తయారీకీ ఫ్యూకోజే కావాలి. ఇది చదివి బాంబే గ్రూపు ఉన్నవారెవరూ కంగారు పడనక్కరలేదు. మామూలుగా ఆ గ్రూపు ఉన్నవారిలో హెచ్ యాంటిజెన్‌ను తయారుచేసే ఎంజైము ఒక్కటే లోపిస్తుంది. న్యూట్రోఫిల్‌ల మీద ఫ్యూకోజ్ అతికించే ఎంజైము వేరు, అది వారిలో బాగానే ఉంటుంది. రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు దాత దొరకడమే వారికి ఉన్న చిక్కు.

ప్రశ్న: కణాల కదలికను ఆపేస్తే క్యాన్సర్ వ్యాపించకుండా ఆగిపోతుంది కదా? సార్క్ వంటి కైనేజులను అడ్డుకునే మందులు ఉన్నాయంటున్నారు, మరి అవి ఎందుకు వాడరు?
— విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

సమాధానం: అడ్డుకునే మందులు ఉన్నమాట నిజం. డాసటినిబ్ సార్క్‌ను బలంగా అడ్డుకుంటుంది. అయితే 2006 నుంచి అది వాడుకలో ఉన్నది ప్రధానంగా ఒక రకం రక్తక్యాన్సర్‌కు, అక్కడ దాని గురి మరో కైనేజ్ మీద. రొమ్ము, ప్రోస్టేట్ వంటి అవయవాల క్యాన్సర్లు వ్యాపించకుండా ఆపేందుకు సార్క్ మందులను పరీక్షించి చూశారు గాని, ఆశించిన మేలు కనబడలేదు. ఇందుకు ఒక కారణం క్యాన్సర్ కణం నడకను మార్చుకోగలగడం. చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించుకుంటూ, గట్టిగా పట్టుకుంటూ పాకే దారిని మూసేస్తే, కొన్ని కణాలు గుండ్రంగా మారి, రో ప్రేరేపించే బిగింపుతో సందుల్లోంచి దూరిపోతాయి. మరో కారణం, జబ్బు బయటపడేనాటికే చాలామందిలో కణాలు వేరేచోటికి చేరిపోయి ఉండటం. పైగా క్యాన్సర్ కణానికీ న్యూట్రోఫిల్‌కూ నడక పరికరాలు ఉమ్మడివి కాబట్టి, ఒకదాన్ని పూర్తిగా కట్టేస్తే రెండోదీ కుంటుపడుతుంది. ‘కదలికను ఆపే మందు వచ్చేసింది’ అని వచ్చే వార్తలను నేను ఈ కారణంగానే అనుమానంగా చదువుతాను.

కదలిక పరికరాల మీద పనిచేసే మందులు వేరే చోట ఉపయోగపడ్డాయి. మయోసిన్ బిగింపును పెంచే రో కైనేజ్‌ను అడ్డుకునే ఫాసుడిల్‌ను జపాన్‌లో 1995 నుంచి, మెదడులో రక్తస్రావం తరువాత రక్తనాళాలు బిగుసుకుపోకుండా ఇస్తున్నారు. ఆ కోవకే చెందిన రిపాసుడిల్ కంటిచుక్కలను అక్కడే 2014లో గ్లకోమాకు అనుమతించారు.

ప్రశ్న: సూక్ష్మక్రిములు కూడా మన ప్రొటీన్లను మార్చగలవా?
— పదో తరగతి విద్యార్థి, నల్గొండ

సమాధానం: కొన్ని మార్చగలవు. యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడినప్పుడు విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విషం పేగు కణంలోకి దూరి, రో మీది 37వ స్థానపు థ్రియోనిన్‌కు ఒక గ్లూకోజ్ అణువును అతికిస్తుంది. దానితో రో పనిచేయడం మానేస్తుంది, యాక్టిన్ చట్రం కుప్పకూలి కణం బంతిలా గుండ్రమవుతుంది. ప్లేగు బ్యాక్టీరియా పద్ధతి మరీ తెలివైనది. అది తనను మింగవచ్చిన కణంలోకి ఒక టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ను పొడిచి, నేల పట్టు దగ్గర పనిచేసే ప్రొటీన్ల ఫాస్ఫేట్లను ఊడదీస్తుంది. దానితోపాటు పంపే మరో ఎంజైము రో తోకలోని కొవ్వు భాగాన్ని కత్తిరించేస్తుంది.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్ర వేసుకుంటున్నాను. అది కణాల కదలికను దెబ్బతీస్తుందని మా అబ్బాయి ఎక్కడో చదివాడట. మాత్ర మానాలా?
— గృహిణి, రాజమహేంద్రవరం

సమాధానం: మానవద్దమ్మా. మీ అబ్బాయి చదివినది ప్రయోగశాల సంగతి. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే రో వంటి ప్రొటీన్ల తోకకు కావలసిన 20 కార్బన్ల గొలుసు కూడా తయారవుతుంది. స్టాటిన్ ఆ దారిని మొదట్లోనే అడ్డుకుంటుంది కాబట్టి, గాజుపాత్రలో పెంచిన కణాల మీద ఎక్కువ మోతాదులో పోస్తే రో పొరను అంటుకోలేక కణాలు గుండ్రంగా మారడం నిజమే. అక్కడ వాడే మోతాదు, మాత్ర వేసుకున్నవారి రక్తంలో ఉండేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కండరాల నొప్పి వంటి ఇబ్బంది ఉంటే మీ డాక్టరుతో మాట్లాడండి. అదే దారిని మరికొంత కింద అడ్డుకుని, ఆ ప్రభావాన్నే చికిత్సగా వాడుకునే మందులు మాత్రం ఉన్నాయి. ఎముకలు గుల్లబారినప్పుడు ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఎముకలో చేరి, దాన్ని కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాల్లోకి వెళ్లి, వాటిలో రో వంటి ప్రొటీన్లకు తోక అతకకుండా చేస్తుంది. అప్పుడు ఆ కణాలు ఎముకను అంటిపెట్టుకుని కరిగించే ముడతల అంచును నిలుపుకోలేకపోతాయి.